లైటు వెలుగుతోంది, ఆట మాత్రం కదలడం లేదు

ప్రశ్న: మా పీఎస్4 (ప్లేస్టేషన్ 4 గేమ్ కన్సోల్) పాడైంది, కంట్రోలర్ మాత్రం బాగుంది. దాన్ని విండోస్ 11 కంప్యూటర్‌కి పెట్టుకుని ఆడదామనుకున్నాను. కేబుల్ పెడితే లైటు వెలిగింది గానీ ఏ ఆటలోనూ పనిచేయలేదు. బ్లూటూత్‌తో కలిపాక ఒక ఆటలో పనిచేసింది, కానీ ఒకసారి నొక్కితే మెనూ రెండు గడులు దూకుతోంది. ఇంకో ఆటలో నేను స్టిక్ ముట్టుకోకపోయినా కెమెరా గిరగిరా తిరుగుతోంది. వీడియోలు చూసి మూడు నాలుగు సాఫ్ట్‌వేర్‌లు వేశాను, ఏది దేనికో ఇప్పుడు నాకే తెలీదు. మా అన్నయ్య "ఈ తలనొప్పి ఎందుకు, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ కొనుక్కో" అంటున్నాడు. కొనాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: నమస్కారమండీ. ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే కంట్రోలర్‌లో లోపం ఉందనిపించడం లేదు. దానిలోనే లోపం ఉంటే ప్రతి ఆటలోనూ ఒకేలా మొరాయించేది. ఒక్కో ఆటలో ఒక్కో రకంగా ఉందంటే, తేడా కంట్రోలర్‌కీ ఆటకీ మధ్యలో ఎక్కడో ఉంది. అక్కడ సరిచేయడానికి పైసా ఖర్చు కాదు, మహా అయితే ఒక మంచి కేబుల్ కావాలి.

మీవి మూడు ఫిర్యాదులు. మూడూ ఒకే జబ్బులా కనిపిస్తాయి గానీ, మూడింటికీ కారణాలు వేరు. ముందుగా ఒక విషయం మనసులో పెట్టుకోండి. కంప్యూటర్ కంట్రోలర్‌ని గుర్తుపట్టడం ఒక పని. అది పంపే సంకేతాలు ఆటకి అర్థం కావడం ఇంకో పని. మొదటిది పూర్తయిందని రూఢి చేసుకోకుండా రెండోదాని జోలికి వెళ్తేనే ఇన్ని సాఫ్ట్‌వేర్‌లు పోగుపడతాయి. లైటు వెలగడం ఈ రెంటిలో దేనికీ సాక్ష్యం కాదు. ఛార్జింగ్ ఎక్కుతున్నా లైటు వెలుగుతుంది.

కాబట్టి మొదట ఇల్లు ఊడ్చినట్టు శుభ్రం చేద్దాం. సెట్టింగ్స్‌లో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, కంట్రోలర్ కోసం మీరు వేసినవన్నీ తీసేయండి. డీఎస్4విండోస్, ఎక్స్‌360సీఈ లాంటి పేర్లు కనిపిస్తాయి. వాటితోపాటు విజెమ్‌బస్, హైడ్‌హైడ్ అనే రెండు పేర్ల కోసం కూడా వెతకండి. ఇవి విడిగా ఉండే డ్రైవర్లు (కంప్యూటర్‌కీ వస్తువుకీ మధ్య పనిచేసే చిన్న ప్రోగ్రాములు), అసలు ప్రోగ్రామ్ తీసేసినా ఇవి అక్కడే ఉండిపోతాయి. హైడ్‌హైడ్ విషయంలో మరీ జాగ్రత్త. దాని పనే అసలు కంట్రోలర్‌ని ఆటల కంటపడకుండా దాచడం. దాచమని చెప్పిన ప్రోగ్రామ్ పోయినా, దాచడం ఆగదు. కేబుల్ బాగుంది, కంట్రోలర్ బాగుంది, కానీ ఏ ఆటకీ కనబడదు. మీ మొదటి ఫిర్యాదుకి ఇదే కారణం అయినా నేను ఆశ్చర్యపోను. అన్నీ తీసేశాక కంప్యూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేయండి.

"డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌లో అప్‌డేట్" అని ఊదరగొట్టే ప్రోగ్రాములు ఏమైనా వేసి ఉంటే అవీ తీసేయండి. పీఎస్4 కంట్రోలర్‌కి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. విండోస్ దాన్ని మామూలు గేమ్‌ప్యాడ్‌గా తనంతట తానే గుర్తుపడుతుంది.

ఇప్పుడు కేబుల్. బ్లూటూత్‌ని కాసేపు పక్కన పెట్టండి, ఏది పరీక్షించాలన్నా వైరుతోనే మొదలుపెట్టాలి. మామూలు యూఎస్‌బీ కేబుల్‌లో నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవకగా చేసే కొన్ని ఛార్జింగ్ కేబుళ్ళలో డేటా తీగలు అసలు వేయరు. బయటికి తేడా ఏమీ కనబడదు. ఛార్జింగ్ ఎక్కుతుంది, లైటు వెలుగుతుంది, కంప్యూటర్‌కి మాత్రం అక్కడొక వస్తువు ఉన్నట్టే తెలియదు. పరీక్ష సులువు. ఆ కేబుల్‌తోనే మైక్రో యూఎస్‌బీ ఉన్న పాత ఫోన్‌ని గానీ కెమెరాని గానీ కంప్యూటర్‌కి పెట్టి ఫొటోలు కాపీ చేయగలిగితే అది డేటా కేబుల్. వేరే వస్తువేదీ లేకపోతే, కంట్రోలర్ పెట్టగానే విండోస్ కొత్త వస్తువు వచ్చినప్పుడు చేసే శబ్దం చేస్తుందేమో వినండి. శబ్దం లేకపోతే కేబుల్ మార్చి చూడండి. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టులు వదిలేసి, వెనక మదర్‌బోర్డు మీద ఉన్న పోర్టులో పెట్టండి. హబ్ మధ్యలో వద్దు.

కేబుల్ సంగతి తేలాక, విండోస్‌లోనే ఉన్న ఒక చిన్న పరీక్ష చేయాలి. ఇన్ని వీడియోలు చూసినా దీని గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేరు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన గడిలో ఇంగ్లీషులో జె, ఓ, వై, ఆ తర్వాత చుక్క, సి, పి, ఎల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. గేమ్ కంట్రోలర్స్ అనే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. జాబితాలో "వైర్‌లెస్ కంట్రోలర్" అన్న పేరు కనిపిస్తే అదే మీది. వైరుతో పెట్టినా దాని పేరు వైర్‌లెస్ కంట్రోలరే, కంగారు పడకండి. దాన్ని ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కితే టెస్ట్ పేజీ వస్తుంది.

ఈ పేజీ దగ్గర తొందరపడకండి. ఎడమ స్టిక్ కదిపితే చదరపు గడిలో చిన్న ప్లస్ గుర్తు కదులుతుంది. వదిలేస్తే అది మధ్యకి వచ్చి ఆగాలి. పక్కన నిలువు పట్టీలు ఉంటాయి. జెడ్ యాక్సిస్, జెడ్ రొటేషన్ అన్నవి కుడి స్టిక్‌వి, ఏమీ ముట్టుకోనప్పుడు ఇవి సగం వరకు నిండి ఉంటాయి. ఎక్స్ రొటేషన్, వై రొటేషన్ అన్నవి ఎల్2, ఆర్2 ట్రిగ్గర్లవి, ముట్టుకోనప్పుడు ఖాళీగా ఉండి, మెల్లగా నొక్కుతుంటే మెల్లగా నిండుతాయి. కింద బటన్లకి అంకెలు ఉంటాయి. చదరం 1, క్రాస్ 2, సున్నా 3, త్రిభుజం 4. ఒక్కో బటన్ నొక్కుతూ దాని అంకె వెలుగుతుందో లేదో చూడండి.

అన్నీ సరిగ్గా ఉంటే కంట్రోలర్ ఆరోగ్యంగా ఉన్నట్టే, మీ అన్నయ్య సలహా అవసరం లేదు. ప్లస్ గుర్తు మధ్యలో ఆగకుండా ఒక పక్కకి జరుగుతుంటే స్టిక్ అరిగిందని అర్థం. దాన్ని డ్రిఫ్ట్ అంటారు. కొద్దిగా ఉంటే డెడ్‌జోన్ (స్టిక్ కాస్త కదిలినా లెక్కచేయని మధ్యభాగం) పెంచి సర్దుకోవచ్చు, ఎక్కువగా ఉంటే స్టిక్ లోపలి భాగం మార్పించాలి. జాబితాలో ఒకే కంట్రోలర్ రెండుసార్లు కనిపిస్తోందేమో కూడా చూడండి. ఆ సంగతి మీ రెండో ఫిర్యాదు దగ్గర పనికొస్తుంది.

సరే, విండోస్‌కి కనబడుతోంది, టెస్ట్ పేజీలో అన్నీ పలుకుతున్నాయి, ఆట మాత్రం పట్టించుకోవడం లేదు. ఎందుకు? దీనికి కాస్త చరిత్ర ఉంది. ఒకప్పుడు విండోస్ ఆటలు డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పద్ధతిలో జాయ్‌స్టిక్‌ల మాట వినేవి. అందులో బటన్లకి అంకెలే తప్ప అర్థాలు ఉండవు. ఒకటో బటన్ అంటే ఏ కంపెనీది ఎక్కడుంటుందో ఆటకి తెలియదు. 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చాక మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఇన్‌పుట్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. ఇందులో ప్రతి బటన్‌కీ పేరు, స్థానం ముందే ఖాయం, ఒకేసారి నాలుగు కంట్రోలర్ల వరకు పెట్టుకోవచ్చు. ఆటలు తయారుచేసేవాళ్ళకి ఇది హాయి. దాంతో చాలా ఆటలు ఎక్స్‌ఇన్‌పుట్ ఒక్కటే వినడం మొదలుపెట్టాయి. మీ పీఎస్4 కంట్రోలర్‌కి ఆ భాష రాదు. అది విండోస్‌తో మాట్లాడుతుంది, ఆట వినిపించుకోదు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఒక్కడే కావాలి. మీరు నలుగురిని పెట్టారు, గొడవంతా అక్కడే మొదలైంది.

ఈ పనికి నేను ముందు స్టీమ్‌నే, అంటే కంప్యూటర్ ఆటలు కొని ఆడుకునే ప్రోగ్రామ్‌నే, సూచిస్తాను. 2016 చివర్లోనే అది పీఎస్4 కంట్రోలర్‌ని నేరుగా అర్థం చేసుకోవడం మొదలుపెట్టింది. స్టీమ్ తెరిచి సెట్టింగ్స్‌లో కంట్రోలర్ విభాగానికి వెళ్ళండి. మీ కంట్రోలర్ పేరు అక్కడ కనిపించాలి. ప్లేస్టేషన్ కంట్రోలర్లకి స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేయండి. అంతే. ఇక స్టీమ్ నుంచి తెరిచే ఆటలకి మీ కంట్రోలర్ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లాగే కనిపిస్తుంది. స్టీమ్‌లో కొనని ఆటనైనా గేమ్స్ మెనూలోని "యాడ్ ఎ నాన్ స్టీమ్ గేమ్" ద్వారా చేర్చుకుని అక్కడి నుంచే తెరవచ్చు. స్టిక్ డెడ్‌జోన్ పెంచడం, బటన్లు మార్చుకోవడం కూడా ఇక్కడే. వేళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి, ఒక చేత్తోనే ఆడాల్సినవాళ్ళకి బటన్లు మార్చుకునే ఈ సౌకర్యం ఎంత మేలు చేస్తుందో చెప్పలేను. ఎక్కడో లోపల దాక్కుని ఉండటంతో చాలామంది దాన్ని అసలు తెరిచి చూడరు.

ఆటలో "ఏ నొక్కండి", "వై నొక్కండి" అని వస్తుంటే తికమక పడొద్దు. కింది బటన్ ఏ, అంటే మీ క్రాస్. కుడిది బి, మీ సున్నా. ఎడమది ఎక్స్, మీ చదరం. పైది వై, మీ త్రిభుజం. రెండు రోజుల్లో వేళ్ళకి అలవాటైపోతుంది.

ఇప్పుడు మెనూ రెండు గడులు దూకడం గురించి. ఆటకి మీరు ఒక మనిషే అయినా రెండు కంట్రోలర్లు కనిపిస్తున్నాయి. ఒకటి మీ చేతిలోని అసలుది, రెండోది దుబాసీ సృష్టించిన నకిలీ ఎక్స్‌బాక్స్ కంట్రోలర్. కింది బాణం ఒకసారి నొక్కితే ఇద్దరూ "కిందికి" అంటారు, మెనూ రెండుసార్లు దిగుతుంది. డీఎస్4విండోస్, స్టీమ్ రెండూ ఒకేసారి నడిస్తే ఇది జరుగుతుంది. కంట్రోలర్ కేబుల్‌తోనూ బ్లూటూత్‌తోనూ ఒకేసారి కలిసి ఉన్నా జరగవచ్చు, ఛార్జింగ్ అవుతుంది కదా అని ఆడుతూ ఆడుతూ కేబుల్ గుచ్చినప్పుడు ఇదే తంతు. ఇంకో సందర్భం కూడా ఉంది. కొన్ని ఆటలకి ప్లేస్టేషన్ కంట్రోలర్ మాట స్వయంగా అర్థమవుతుంది. అలాంటి ఆటకి దుబాసీ అక్కర్లేదు. స్టీమ్ లైబ్రరీలో ఆ ఆట పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో కంట్రోలర్ విభాగం తెరిచి, ఆ ఒక్క ఆటకే "డిజేబుల్ స్టీమ్ ఇన్‌పుట్" పెట్టండి. డబుల్ నొక్కు పోతుంది. పైగా చాలా ఆటల్లో తెరమీద ఏ, బి బదులు మీ క్రాస్, సున్నా గుర్తులే వస్తాయి.

కెమెరా గిరగిరా తిరగడం చూస్తే ఎవరికైనా కంట్రోలర్ చెడిపోయిందనే అనిపిస్తుంది. కానీ టెస్ట్ పేజీలో కుడి స్టిక్ పట్టీలు సగంలో కదలకుండా నిలబడి ఉంటే కంట్రోలర్ నిర్దోషి. ఆట పాత డైరెక్ట్‌ఇన్‌పుట్ పద్ధతిలో వింటూ, ట్రిగ్గర్ పట్టీలని కుడి స్టిక్ అనుకుంటోంది. ముట్టుకోని ట్రిగ్గర్ పట్టీ ఖాళీగా ఉంటుందని చూశాం కదా. ఆటకి అది స్టిక్‌ని ఒక పక్కకి చివరిదాకా తోసి పట్టుకున్నట్టు అర్థమవుతుంది. అందుకే కెమెరా ఆగకుండా తిరుగుతుంది. అనుమానం తీర్చుకోవాలంటే ఎల్2, ఆర్2 రెండూ సగం వరకు నొక్కి పట్టుకోండి. తిరగడం నెమ్మదించినా ఆగినా ఇదే కారణం. ఆ ఆటకి స్టీమ్ ఇన్‌పుట్ ఆన్ చేసి మళ్ళీ తెరవండి. ఆట సెట్టింగ్స్‌లో కంట్రోలర్ రకం ఎంచుకునే చోటు ఉంటే అక్కడ ఎక్స్‌బాక్స్ అని పెట్టండి.

స్టీమ్‌తో కుదరని ఆటలూ ఉంటాయి. ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి వచ్చేవాటిని స్టీమ్ పట్టుకోలేకపోవచ్చు. అప్పుడు ఇంకో దుబాసీ డీఎస్4విండోస్‌ని మళ్ళీ వేసుకుని వాడండి, దానికి విజెమ్‌బస్ డ్రైవర్ కావాలి. అయితే అప్పుడు స్టీమ్‌ని పూర్తిగా మూసేయాలి, కిందపట్టీ చివర నక్కి ఉండే దాని చిన్న గుర్తుతో సహా. డీఎస్4విండోస్ పేరు పోలిన సైట్లు చాలా ఉన్నాయి. దాన్ని తయారుచేసేవాళ్ళ సొంత డౌన్‌లోడ్ పేజీ నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ దించుకోవద్దు. ఒక కంట్రోలర్ కోసం కంప్యూటర్‌లోకి తెలియని ప్రోగ్రామ్‌ని రానివ్వడం మాత్రం వద్దు.

ఆట ముందే తెరిచి తర్వాత కంట్రోలర్ పెడితే పట్టించుకోని ఆటలు చాలా ఉన్నాయి. ముందు కంట్రోలర్, తర్వాత స్టీమ్, ఆ తర్వాత ఆట. ఈ వరస పాటించండి.

వైరుతో అంతా సవ్యంగా నడిచాక బ్లూటూత్‌కి రండి. ముందు విండోస్ బ్లూటూత్ జాబితాలో పాత "వైర్‌లెస్ కంట్రోలర్" ఉంటే రిమూవ్ చేయండి. కంట్రోలర్‌ని ఆపేసి, షేర్ బటన్, మధ్యలోని పీఎస్ బటన్ రెండూ కలిపి నొక్కి పట్టుకోండి. లైటు త్వరత్వరగా జంటగా మెరవడం మొదలయ్యాక వదిలేసి, యాడ్ డివైస్‌లో బ్లూటూత్ ఎంచుకోండి. జాబితాలో రాకపోతే, బ్లూటూత్ సెట్టింగ్స్‌లో డివైస్ డిస్కవరీ అన్నచోట అడ్వాన్స్‌డ్ పెట్టి మళ్ళీ వెతకండి. అయినా మొండికేస్తే కంట్రోలర్ వెనకవైపు, ఎల్2 దగ్గర సన్నటి రంధ్రం ఉంటుంది. సిమ్ తీసే పిన్నుతో అందులో ఐదు సెకన్లు నొక్కితే రీసెట్ అవుతుంది.

ఆడుతుంటే మధ్యమధ్యలో కనెక్షన్ తెగుతోందా? బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద. యూఎస్‌బీ 3.0 పోర్టులు, వాటికి పెట్టిన హార్డ్ డిస్కులు ఇదే చోట రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. చిన్న బ్లూటూత్ డాంగిల్ వాడుతుంటే దాన్ని అలాంటి పోర్టు పక్కన గుచ్చకండి. ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో ముందుకి లాగి, కంట్రోలర్‌కి ఎదురుగా పెట్టండి. డెస్క్‌టాప్ వెనక వైఫై యాంటెన్నాలు బిగించారో లేదో కూడా చూడండి. చాలా మదర్‌బోర్డుల్లో బ్లూటూత్‌కీ అవే ఆధారం. టేబుల్ ముందే కూర్చుని ఆడేవాళ్ళకైతే నా ఓటు వైరుకే. ఛార్జింగ్ టెన్షన్ లేదు, ఆలస్యం లేదు, తెగిపోవడం లేదు.

కేబుల్ పెట్టగానే స్పీకర్లలో శబ్దం ఆగిపోతే భయపడకండి. కంట్రోలర్‌కి హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది కదా, విండోస్ కొన్నిసార్లు దాన్నే కొత్త స్పీకర్ అనుకుని శబ్దమంతా అటు పంపేస్తుంది. కిందపట్టీలో స్పీకర్ గుర్తు నొక్కి మీ పాత స్పీకర్‌ని మళ్ళీ ఎంచుకుంటే సరి.

మీలాగే వేరే కంట్రోలర్లతో అవస్థ పడేవాళ్ళ కోసం రెండు మాటలు. పీఎస్5 కంట్రోలర్‌కీ ఇదే పద్ధతి, షేర్ బదులు క్రియేట్ బటన్. దాని ట్రిగ్గర్ల ప్రత్యేకమైన బిగువు ఎక్కువ ఆటల్లో కేబుల్ ఉంటేనే తెలుస్తుంది. పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లలో బ్లూటూత్ లేనివి ఉన్నాయి. మధ్యలోని ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ముందు భాగంతో ఒకే ముక్కగా ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు, పైన భుజాల బటన్లతో కలిసి ఉంటే లేనట్టు. వైర్‌లెస్ ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్‌కి వచ్చే కేబుల్ ఛార్జింగ్‌కే. కంప్యూటర్‌కి కలపాలంటే దాని రిసీవర్ విడిగా ఉండాలి.

ఇక మీ అన్నయ్య మాట. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది. విండోస్‌లో ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌కి దుబాసీ అక్కర్లేదు, పెట్టగానే పనిచేస్తుంది. టెస్ట్ పేజీలో స్టిక్ బాగా జరుగుతున్నా, బటన్లు పలకకపోయినా, మీరు ఆడేవన్నీ స్టీమ్ బయటి ఆటలే అయినా ఆయన మాట వినండి. లేదంటే మీ చేతికి అలవాటైన కంట్రోలర్‌ని వదులుకోవాల్సిన పని లేదు. ఎప్పుడైనా ఆ పీఎస్4 బాగుచేయించుకుంటే, కంట్రోలర్ దానికి వెంటనే కలవకపోవచ్చు, ఎందుకంటే బ్లూటూత్‌లో అది చివరిగా కలిసిన యంత్రాన్నే గుర్తుపెట్టుకుంటుంది. కేబుల్‌తో కన్సోల్‌కి పెట్టి పీఎస్ బటన్ ఒకసారి నొక్కండి, మళ్ళీ దానితో జతకడుతుంది.